రాళ్ళా, మాటలా, కాగితాలా? ఊరి చరిత్ర సంఘంలో ఏ పని ఎంచుకోవాలి

ఈ రెండు నెలల్లో ఒకే ప్రశ్న నన్ను నలుగురు అడిగారు. ఒకరు నిరుడు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. ఒకరు కాకతీయ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్న అమ్మాయి. మిగతా ఇద్దరూ ఎరువుల దుకాణం నడిపే అన్నదమ్ములు. వారానికి ఒక పూట ఇవ్వగలం, చరిత్ర సంఘంలో ఏ పనిలో దిగమంటారు అని అందరూ అడిగారు. నేనే నిరుడు ఒక జట్టు వదిలి ఇంకో జట్టులోకి మారినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పే అర్హత కొంత ఉందనుకుంటాను. పక్షపాతం కూడా ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను.

వరంగల్‌కు గంట ప్రయాణం దూరంలో ఉన్న మా పట్టణపు సంఘానికి సొంత భవనం లేదు. గ్రంథాలయంలో ఒక బీరువా, పన్నెండు కుర్చీలు, ఆదివారం ఉదయం రెండు గంటలు, అంతే ఆస్తి. సభ్యులు వాడుకలో మూడు జట్లుగా విడిపోయారు. శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), పాడుబడ్డ గుళ్ళ వెంట తిరిగేది రాళ్ళ జట్టు. పెద్దవాళ్ళ జ్ఞాపకాలను ఫోనులో రికార్డు చేసేది మాటల జట్టు. పాత దస్తావేజులు, ఫోటోలు, పెళ్ళిపత్రికలు సర్దేది కాగితాల జట్టు. నర్సంపేటలోనైనా జగిత్యాలలోనైనా ఇలాంటి సంఘమంటూ ఉంటే పనులు ఇంచుమించు ఇవే.

కొత్తగా వచ్చినవారు నూటికి తొంభైమంది రాళ్ళ జట్టువైపే చూస్తారు. తప్పు పట్టను, నేనూ ఆరేళ్ళు అందులోనే ఉన్నాను. తెల్లవారుజామున నాలుగు బైకులు బయలుదేరుతాయి. చెరువు కట్ట మీద తుమ్మ కంప నరుక్కుంటూ వెళ్తే, నడుము లోతు మట్టిలో కూరుకుపోయిన రాయి కనిపిస్తుంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద ఆవు, దూడ. మిట్టమధ్యాహ్నం చూస్తే దాని మీద అక్షరాలు ఉన్నట్టే తెలియదు. పొద్దు వాలాక ఒకరు టార్చిలైటును రాతికి పక్కగా, ఏటవాలుగా పట్టుకుంటే ఒక్కో గీతలోకీ నీడ చేరి అక్షరాలు లేచి వస్తాయి. 'స్వస్తిశ్రీ' అని మొదటిసారి సొంతంగా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఈ పనికి చదువు కావాలి. లిపి నేర్చుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాను. తేదీ లెక్క కూడా కనిపించినంత సులువు కాదు. వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనంలో శక సంవత్సరం 1084 అని ఉంటుంది. 78 కలిపితే 1162 రావాలి. కానీ అక్కడున్న తిథి మాఘ మాసానిది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో ఏడాది మారిపోతుంది కనుక అది 1163 జనవరి. ఇలాంటి చోట తొందరపడితే ఏడాది తేడా పడుతుంది, ఆ తేడాతోనే పత్రికలో వార్త వస్తుంది. 'వెలుగులోకి కాకతీయుల శాసనం' అని మేము పంపిన మొదటి వార్త నాకు ఇప్పటికీ సిగ్గే. ఆ శాసనం ఏనాడో వెలుగులోకి వచ్చింది. వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసన సంపుటాలను పురావస్తు శాఖ 1974లోనే అచ్చువేసింది. అంతకుముందు 1935లోనే లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాల సంపుటం తెచ్చింది. వాటిని తిరగేయకుండా 'కొత్తది దొరికింది' అనకూడదని అప్పుడు తెలిసింది.

ఇంకొక మాట. అక్షరాలు బాగా కనబడాలని సుద్ద, పసుపు, పిండి పూయకండి. మా దగ్గరి ఒక గుడిలో ఎవరో భక్తిగా తెల్ల ఎనామిల్ రంగుతో అక్షరాలు దిద్దారు, దిద్దేటప్పుడు 'న'ను 'స'గా మార్చారు. ఇక దాన్ని ఎవరు చదివినా 'స' అనే చదువుతారు. తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది తీసే అచ్చు కూడా నేర్చినవారి పక్కన, అనుమతితో చేయవలసిన పనే. తవ్వడం సంగతి అసలు తలపెట్టకండి. భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది.

ఇంత కష్టమైనా రాళ్ళ జట్టును ఎందుకు వదిలానంటే ఒక చెరువు వల్ల.

ఆ చెరువు దగ్గరి శాసనం కోసం నాలుగుసార్లు వెళ్ళాం. కట్ట కింద తూము పక్కనే అది నిలబడి ఉంటుంది. ఎవరో దాత తూము కట్టించి, దాని కింద ఇంత మడి దేవుడికి ఇచ్చాడని, దాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని రాసి ఉంది. ఈ తూమే ఆ తూము అని మేము తీర్మానించేశాం, చిన్న వ్యాసం కూడా రాశాం. నాలుగుసార్లూ మత్తడి దగ్గర రావిచెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారైనా పలకరించలేదు. ఐదోసారి మంచినీళ్ళు అయిపోతే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అందులో ఏమి రాసి ఉంది సారూ?" అని అడిగాడు. చెప్పాను. పురుగు సంగతికి నవ్వాడు. తరువాత, "ఆ రాయి అక్కడిది కాదు" అన్నాడు.

ఆయన నీరటి, అంటే చెరువు తూము తెరిచి పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషి. వాళ్ళ నాన్న, తాత కూడా ఆ చెరువు నీరటులే. కట్ట వెడల్పు చేసి బండిబాట వేసినప్పుడు, తాను పదేళ్ళ పిల్లవాడిగా ఉండగా, అవతలి పాత తూము దగ్గరి రాయిని నాలుగు ఎడ్లు కట్టి ఈడ్చుకొచ్చి ఇక్కడ పాతారట. పాత తూము ఎక్కడ అంటే కర్రతో చూపించాడు. ఎండాకాలం నీళ్ళు దిగాక వెళ్ళి చూస్తే, శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, రెండు చెక్కిన రాతి దిమ్మెలు నిజంగానే ఉన్నాయి. మేము రాసిన వ్యాసం మొత్తం తప్పు చెరువు గురించి కాకపోయినా తప్పు తూము గురించి. ఆ మడి ఏ వైపు ఆయకట్టుదో కూడా దాంతో మారిపోయింది.

తరువాత ఆయన దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. నీళ్ళు నిండా ఉన్నప్పుడు తూము ఎలా తెరిచేవారో చేతులతో చూపించాడు. ఊపిరి బిగబట్టి దిగాలి, కాలితో తూము నోరు వెతకాలి, బిరడా చుట్టూ పట్టిన పాచిని బొటనవేలితో గీకాలి, అప్పుడు లాగాలి, లాగగానే పక్కకు జరగాలి, లేకపోతే నీళ్ళు మనిషిని తూముకు అతికిస్తాయి. 'జరగాలి' అంటూ కూర్చున్నచోటే భుజం ఎడమకు తిప్పాడు. ఈ పనికి కూలి కల్లం దగ్గర వడ్ల రూపంలో వచ్చేది. ఎవరి పొలానికి ముందు నీళ్ళు పోవాలన్న వంతుల లెక్క అంతా ఆయన తలలో ఉంది. దాత పేరు రాయి చెప్పింది. నీళ్ళు ఎవరికి ముందు, ఎవరికి వెనక పారాయో ఏ రాయీ చెప్పలేదు.

అందుకే ఏ పని మేలు అని అడిగితే నేను చూసేది ఒకటే: వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే ఏది పోతుంది? రాయి ఎనిమిది వందల ఏళ్ళు ఆగింది, మనం లిపి నేర్చుకునేదాకా ఇంకో రెండేళ్ళు ఆగుతుంది. 1948 పోలీసు చర్యనాటికి పన్నెండేళ్ళున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువయ్యారు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన తరానికి వయసు మీద పడింది. మా నీరటి బతికే ఉన్నాడు, కానీ ఈ మధ్య మూడు పేర్లు కలగలిపేస్తున్నాడు.

రాళ్ళ జట్టు మిత్రులు దీనికి ఒప్పుకోరు. రాయి మాత్రం ఆగుతుందా అంటారు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు గుట్టలకు గుట్టలే కోసేస్తున్నాయని, రోడ్డు పనుల్లో వీరగల్లులు కంకరలో కలిసిపోతున్నాయని చెబుతారు. నిజమే. క్వారీ పక్కన, కొత్త రోడ్డు వరుసలో ఉన్న రాయైతే నా లెక్క తిరగబడుతుంది, ముందు అక్కడికే పరుగెత్తండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, పక్కన కొలబద్ద పెట్టి, ఫోనులో స్థలం గుర్తించి, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలపండి. చదవడం తరువాత చూసుకోవచ్చు.

మాటల జట్టు పని తేలికని మాత్రం అనుకోకండి. లిపి రాకపోయినా చేరవచ్చు, కానీ ఓపిక లేకపోతే కుదరదు. మొదటి పూట పెద్దవాళ్ళు చెప్పేది మనం ముందే విన్నదే, టీవీలో వచ్చినదే. అసలు సంగతి రెండోసారి, మూడోసారి వెళ్తేనే వస్తుంది. సంవత్సరం అడిగితే చెప్పలేరు. పోలీసు చర్యకు ముందా వెనకా, 1969 ఉద్యమానికి మీ పెద్దబ్బాయి పుట్టాడా అని అడిగితే సరిగ్గా చెబుతారు. ఇంటి పెద్దకొడుకు పక్కన ఉంటే ఆయనే జవాబులిస్తాడు కాబట్టి ఆయనతో టీ తెప్పించే ఉపాయం ఆలోచించుకోవాలి. కూలరు ఆపించాలి, ఫోనును మంచం మీద కాకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టాలి. కూలరు హోరులో ఒక బీడీ కార్మికురాలి గంటన్నర మాట నాకు పూర్తిగా పోయింది. మళ్ళీ వెళ్తే ఆవిడ చెప్పింది కానీ, అంత ఉత్సాహంగా చెప్పలేదు.

విన్నది రాసుకోవడమే పెద్ద పని. గంట మాటను కాగితం మీద పెట్టడానికి నాకు ఆరు గంటలు పడుతుంది. వాళ్ళ పలుకును పుస్తక భాషలోకి దిద్దకూడదు, ఆ పలుకే సగం చరిత్ర. సాయుధ పోరాటం రోజుల సంగతులు, రజాకార్ల కాలపు సంగతులు వచ్చినప్పుడు జాగ్రత్త. ఎవరు ఎవరిని పట్టించారో చెప్పే మనిషి మనుమడు, పట్టుబడ్డ మనిషి మనుమడు ఇవాళ ఒకే వీధిలో ఉంటారు. చెప్పినవారు వద్దంటే బయటపెట్టకూడదు. అలా మూసి ఉంచినవి మా బీరువాలో నాలుగు ఉన్నాయి.

ఇక కాగితాల జట్టు. ఇల్లు కదలలేనివారికి, ఎండ పడనివారికి, ముఖ్యంగా ఉర్దూ చదవగలిగినవారికి ఇదే సరైన చోటు. నిజాం కాలపు కాగితాల్లో తేదీలు ఫసలీలో ఉంటాయి. 590 కలుపుకుంటే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది, ఫసలీ 1347 అంటే 1937-38. గొలుసుకట్టు ఉర్దూ రాతను చదివే పెద్దలు మా పట్టణంలో ఇద్దరే మిగిలారు. అందుకని నా వాయిదా లెక్క ప్రకారం చూసినా ఈ జట్టు రాళ్ళ జట్టు కన్నా ముందు వరుసలో ఉంటుంది. చేయకూడనివి రెండే: పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. రెండూ ప్రేమతో చేసేవే, రెండూ కాగితాన్ని తినేస్తాయి. ఫోటో వెనుక పేర్లు మెత్తటి పెన్సిలుతో రాయండి. అసలు కాగితాన్ని ఏ రోజు తెస్తే ఆ రోజే ఇంటివాళ్ళకు తిరిగి ఇచ్చేయండి. ఒక్కసారి ఆలస్యమైతే ఆ వీధిలో ఇంకెవరూ ట్రంకు పెట్టె తెరవరు.

చారిత్రక నడకలు, మెట్లబావుల శుభ్రం, ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం నాడు బడిలో ప్రదర్శన, ఇవి కూడా ఉన్నాయి. సరదాగా ఉంటాయి, పిల్లలు వస్తారు, ఫోటోలు బాగా పడతాయి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక నడకలకు గిరాకీ పెరిగింది. ఏ జట్టులో ఉన్నా వీటికి ఎలాగూ పిలుస్తారు, ప్రత్యేకంగా ఎంచుకోనక్కరలేదు. బావిలో దిగేముందు పాముల సంగతి చూసుకోండి.

అడిగిన నలుగురికీ ఇచ్చిన జవాబులు ఇవి. లెక్కల మాస్టారిని కాగితాల దగ్గర కూర్చోబెట్టాను. ఆయనకు ఉర్దూ వచ్చని మాటల్లో బయటపడింది, ఇక వదులుతామా? ఎరువుల దుకాణం అన్నదమ్ములకు చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరూ తెలుసు, వాళ్ళు మాటల జట్టుకు దొరికిన నిధి. పీజీ అమ్మాయి మాత్రం నేనెంత చెప్పినా రాళ్ళ జట్టే కావాలంది. ఆమెకు ఇరవై రెండేళ్ళు, లిపి నేర్చుకోవడానికి అదే వయసు, నేను పట్టుబట్టలేదు. రాయి దగ్గర ఎవరు కూర్చుని ఉన్నా ముందు వాళ్ళతో మాట్లాడాలని మాత్రం ఒప్పించాను.

మీ ఊరి సంఘంలో చేరేముందు, ఏ జట్టైనా సరే, కార్యదర్శిగారిని ఒక్క సంగతి అడగండి: పదేళ్ళ క్రితం తీసిన ఫోటోలు, రికార్డింగులు ఇప్పుడు చూపించగలరా? మా సంఘంలో నేనడిగితే, అవి పాత కార్యదర్శిగారి కంప్యూటర్‌లో ఉన్నాయన్నారు. ఆ కంప్యూటర్ ఆయన కూతురితో పాటు పుణే వెళ్ళిపోయింది. మీకూ అలాంటి జవాబే వస్తే, మొదటి రెండు ఆదివారాలు రాళ్ళూ మాటలూ పక్కన పెట్టి, రెండు హార్డ్ డిస్కులు కొని వేర్వేరు ఇళ్ళలో పెట్టించే పని చూడండి.