వింత వెలుగుకు ఏది ముందు: స్టెల్లారియమా, ఫ్లైట్‌రాడార్‌24నా?

విశాఖ ఆర్కే బీచ్ నుంచి సముద్రం మీద ఏదో వెలుగు కనబడిందా? ముందు సమయం నిమిషంతో సహా రాయండి. దిక్కు, దిగంతం నుంచి ఎత్తు కూడా. ఎత్తును పిడికిలితో కొలవొచ్చు: చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు.

పది నిమిషాలైనా దాదాపు అక్కడే ఉంటే, ఆ సమయానికి ఆకాశంలో ఏ గ్రహం, ఏ నక్షత్రం ఎక్కడుందో చూపే స్టెల్లారియం తెరవండి. తెల్లవారుజామున తూర్పు వైపైతే మొదటి అనుమానం శుక్రుడి మీదే. దిగంతం దగ్గర రంగులు మారడం గాలి చేసే మాయ.

కదిలితే, విమానాల దారులు మ్యాప్ మీద చూపే ఫ్లైట్‌రాడార్‌24లో పాత రికార్డు చూడాలి. అక్కడ సమయం యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం): మన గడియారంలోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. ఇది మరిచిపోతే సంబంధం లేని విమానం దొరుకుతుంది. మ్యాప్ ఖాళీగా ఉందా? తొందరపడొద్దు. నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఊళ్లోనే ఉంది, సైనిక విమానాలన్నీ అందులో కనబడవు. ఎదురుగా వచ్చే విమానం దీపం కూడా కొన్ని నిమిషాలు నిలిచినట్టే ఉంటుంది. అందుకే మా ఓటు స్టెల్లారియం ముందు, రెండోది తప్పకుండా.