బ్రాయిలర్ కోళ్లకు మూలికా పొడులా, వెనిగరా, ప్రోబయాటిక్కా: ఏది మేలు?

మాంసపు కోళ్లను యాంటీబయాటిక్ లేకుండా పెంచాలనుకునేవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒక్కటే: దాణాలో వెల్లుల్లి, పసుపు వంటి పొడులు కలపాలా, నీటిలో వెనిగర్ గాని ఇతర సేంద్రియ ఆమ్లాలు గాని పోయాలా, లేక ప్రోబయాటిక్ (పేగుకు మేలుచేసే సజీవ బ్యాక్టీరియా) వాడాలా? పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని స్వీడన్ 1986లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపివేసింది. ఆ ఖాళీని నింపుతామంటూ వచ్చిన డబ్బాలకు, సీసాలకు ఇప్పుడు లెక్కలేదు. పై మూడూ ఎంతో కొంత పనిచేసేవే. అయితే వాటి గుణాలను పోల్చడానికి ముందు చూడవలసింది మరొకటి ఉందని నా అభిప్రాయం. మనం ఇచ్చింది కోడి పేగుకు చేరుతోందా, చేరితే ప్రతి కోడికీ ప్రతిరోజూ ఒకే మోతాదులో చేరుతోందా? నలభై రోజులే బతికే కోడికి పది రోజుల పొరపాటు అంటే ఆయుష్షులో నాలుగో వంతు.

ముందుగా పొడుల సంగతి చూద్దాం. వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ రెబ్బలో సిద్ధంగా ఉండదు. రెబ్బ నలిగినప్పుడు, అల్లిన్ అనే పదార్థం మీద ఎంజైమ్ పనిచేసి అప్పటికప్పుడు తయారవుతుంది. అలా పుట్టింది వేడికీ నిల్వకూ తట్టుకోలేదు కనుక, నిన్న దంచిన వెల్లుల్లికీ ఆరు నెలలుగా సంచిలో ఉన్న పొడికీ పేరు ఒకటే గాని బలం ఒకటి కాదు. పసుపులో పనిచేసే కర్కుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకు ఉంటుంది, అంటే రెండు సంచుల మధ్య రెట్టింపు తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కర్కుమిన్ రక్తంలోకి సరిగా ఇంకదన్న విమర్శ నిజమే అయినా, మనకు కావలసిన పని పేగులోనే కాబట్టి దాన్ని పెద్ద లోపంగా నేను పరిగణించను.

అసలు చిక్కు ఫీడర్ దగ్గర మొదలవుతుంది. మా షెడ్డులో ఒక బ్యాచ్‌కు ఈ రెండు పొడులనూ మాష్ దాణాలో (నూకగా మర పట్టిన మేతలో) కలిపి ఇచ్చాను. పన్నెండో రోజున ఒక ఫీడర్ ఎత్తి చూస్తే, అడుగున వేలి మందాన పచ్చటి పిండి గడ్డకట్టి ఉంది. ముందుగా వచ్చిన బలమైన పిల్లలు మొక్కజొన్న నూకను ఏరుకుని తినేసి పొడిని వదిలేశాయి; తోపులాటలో వెనుకబడిన బక్క పిల్లలకు చివరికి ఆ పిండే మిగిలింది. అంటే కొన్నింటికి మోతాదు అందనేలేదు, మరికొన్నింటికి మితిమీరి అందింది. కొద్దిగా నూనె పట్టించి కలిపితే పొడి నూకకు అంటుకుంటుంది గాని, సమస్య పూర్తిగా తీరదు. దాణాను నొక్కి చేసే గుళికల్లో, అంటే పెల్లెట్‌లో పెడితే ఏరుకోవడం కుదరదు, అయితే పెల్లెట్ యంత్రపు వేడికి ఘాటు తైలాలు కొంత ఎగిరిపోతాయి.

పరిమాణం లెక్క కూడా చూడాలి. వెయ్యి కోళ్లు బ్యాచ్ మొత్తానికి సుమారు 4 టన్నుల దాణా తింటాయనుకుంటే, 1 శాతం పొడి అంటే 40 కిలోలు. ఆ 40 కిలోలు మొక్కజొన్న, సోయా ఉండవలసిన చోట కూర్చుంటాయి. వేపాకు చేదుకు కోళ్లు మేత తగ్గిస్తాయి. మునగాకులో మాంసకృత్తులు బాగానే ఉన్నా, పీచు వల్ల దాని వాటా పెరిగేకొద్దీ ఎదుగుదల మందగిస్తుంది. ఈ వర్గంలో నేను మినహాయింపు ఇచ్చేది ఒరెగానో, థైమ్ మొక్కల తైలాలకు మాత్రమే. వాటిలోని కార్వాక్రాల్, థైమాల్ ఎంతెంత ఉన్నాయో కొలిచి, పైపూత వేసి తయారుచేసినవైతే మోతాదు గురించిన నా అభ్యంతరం చాలావరకు తొలగిపోతుంది.

వెనిగర్, ఫార్మిక్, ప్రొపియానిక్ వంటి ఆమ్లాల బలం వేరు. ఆమ్లం విడిపోని రూపంలో ఉన్నప్పుడు బ్యాక్టీరియా పొర దాటి లోపలికి వెళ్లి, అక్కడ విడిపోయి, దాన్ని లోపలి నుంచి దెబ్బతీస్తుంది. మేతసంచిలో, కందనకాయలో పులుపు ఉంటుంది కనుక ఈ పని అక్కడ బాగా సాగుతుంది. చిన్నపేగుకు వచ్చేసరికి పీహెచ్ (పులుపు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దాటిపోతుంది. పూత లేని ఆమ్లం అప్పటికే చాలావరకు విడిపోయో, ఇంకిపోయో ఉంటుంది. కాబట్టి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మేతసంచి దగ్గర అడ్డుకోవడానికి ఆమ్లం పనికొస్తుంది గాని, పేగు కింది భాగంలో క్లాస్ట్రీడియం బ్యాక్టీరియా చేసే నష్టానికి వెనిగర్ మందు కాదు. అంత దూరం చేరాలంటే పూత వేసిన బ్యూటిరేట్ (బ్యూటిరిక్ ఆమ్లపు లవణం) వంటివి కావాలి.

లీటరుకు ఎన్ని మిల్లీలీటర్ల వెనిగర్ అని అడిగేవారికి నేను అంకె చెప్పను. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పోసిన ఆమ్లాన్ని మింగేసి పీహెచ్‌ను కదలనివ్వవు. లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లలో అదే కొలత పీహెచ్‌ను 4 కిందికి పడేస్తుంది, అప్పుడు కోళ్లు నీళ్లే తాగవు. పీహెచ్ పట్టీ ముంచి చూసుకోవడం తప్ప దారి లేదు. పైగా ఎండ ముదిరిన రోజున కోడి మేత తగ్గించి నీళ్లు విపరీతంగా తాగుతుంది, అంటే నీటిలో ఇచ్చిన దేని మోతాదైనా వాతావరణం చేతిలోకి వెళ్లిపోతుంది. జబ్బుపడిన కోడి మేత మానేసినా కొంతకాలం నీళ్లు తాగుతుంది. నీటి దారికి ఉన్న మేలు అది. క్లోరిన్ డబ్బాలో ఆమ్లాన్ని ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. నీటిలో వ్యాక్సిన్ ఇచ్చే రోజుకు ముందూ వెనకా ఆమ్లం, క్లోరిన్ రెండూ ఆపాలి. ఇన్ని చెప్పినా, బ్యాచ్‌ల మధ్య షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నిపుల్ లైన్లలోని (కోళ్లు ముక్కుతో పొడిచి నీళ్లు తాగే గొట్టాల్లోని) జిగట పొరను వదిలించడానికి నేను ఆమ్లాన్నే వాడతాను. నా దృష్టిలో అది నీటిని శుభ్రం చేసే సాధనం. మేత అనుబంధం అనే పేరు దానికి కాస్త పెద్దది.

నేను ఇప్పుడు వాడుతున్నది బాసిల్లస్ రకపు ప్రోబయాటిక్. పొదుగు యంత్రంలో పుట్టిన పిల్ల తల్లికోడిని చూడదు, దాని రెట్టనూ ముట్టదు. పేగు దాదాపు ఖాళీగా షెడ్డుకు వస్తుంది, అక్కడ ముందు ఏ బ్యాక్టీరియా చేరితే అదే పాతుకుపోతుంది. ఫిన్లాండ్‌లో నుర్మీ, రాంటలా అనే శాస్త్రవేత్తలు 1973లో పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఇచ్చి, అవి సాల్మొనెల్లాను తట్టుకోగలవని చూపించారు. ఆ సూత్రాన్నే ప్రోబయాటిక్ కొద్ది రకాల బ్యాక్టీరియాతో అనుసరిస్తుంది. లాక్టోబాసిల్లస్ మంచిదే గాని సుకుమారమైంది. క్లోరిన్ నీటిలో, పెల్లెట్ వేడిలో చచ్చిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్, లైకెనిఫార్మిస్ వంటివి స్పోరు (గట్టి పెంకున్న విత్తనం లాంటి) రూపంలో నిద్రపోతూ ఆ వేడినీ కందనకాయ పులుపునూ దాటుకుని పేగులో మేల్కొంటాయి. నేను మొదట్లో అడిగిన ప్రశ్నకు మూడింటిలో తిన్నగా జవాబు చెప్పేది ఇదొక్కటే.

గ్రాముకు 100 కోట్ల స్పోర్లున్న పొడిని టన్నుకు 500 గ్రాములు కలిపితే, గ్రాము దాణాకు 5 లక్షలు పడతాయి. మొదటి రోజు పిల్ల పన్నెండు గ్రాములు తిన్నా 60 లక్షలు లోపలికి వెళతాయి. వెయ్యి కోళ్ల బ్యాచ్‌కు 40 కిలోల బదులు 2 కిలోలతో పని అయిపోతుంది. అంత తక్కువ పొడిని నేరుగా టన్నులో చల్లితే కలవదు. ముందు 5 కిలోల దాణాలో, దాన్ని 50 కిలోలలో, ఆపైన మొత్తంలో కలపాలి. లేబుల్ మీద స్ట్రెయిన్ (బ్యాక్టీరియా ఉపరకం) సంఖ్య లేకపోతే, స్పోర్ల లెక్క తయారీ నాటిదే తప్ప గడువు తేదీ వరకు హామీ ఇచ్చింది కాకపోతే, ఆ డబ్బాను పక్కన పెట్టడం మంచిది. ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. కాక్సిడియోసిస్ అనే పేగు పరాన్నజీవి జబ్బును ఆపదు, యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే దానితోపాటే ఇది కూడా చాలావరకు కొట్టుకుపోతుంది, ఎంతో శుభ్రంగా నడిచే షెడ్డులో దీని ఫలితం కంటికి కనిపించకపోవచ్చు కూడా.

మిగిలినవాటికి ఒక్కొక్క వాక్యం చాలు. ఈస్ట్ గోడ నుంచి తీసే మన్నన్ ఒలిగోశాకరైడ్లు అనే చక్కెర గొలుసులు ఇ.కోలై వంటి బ్యాక్టీరియాను తమకు అంటించుకుని రెట్టతో బయటికి పంపుతాయి, ప్రోబయాటిక్‌కు తోడుగా బాగుంటాయి. బెంటోనైట్ మట్టి అఫ్లటాక్సిన్‌ను పట్టుకుంటుంది గాని, ఇతర బూజు విషాల మీద దాని పట్టు తక్కువ. అజొల్లా అనే నీటి మొక్క మేతే తప్ప అనుబంధం కాదు.

నా మాట మీద నమ్మకం కుదరనివారు ఒకే రోజు వచ్చిన పిల్లలను జాలీతో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాత్రమే ఎంచుకున్నది ఇచ్చి చూడవచ్చు. ఏడో రోజున రెండు వైపులా యాభయ్యేసి పిల్లలను తూకం వేయాలి. వచ్చిన రోజు బరువుకు నాలుగు రెట్లు దాటకపోతే లోపం బ్రూడింగ్‌లో (తొలి రోజుల వెచ్చదనం, సంరక్షణలో) ఉంది, ఏ పొడీ దాన్ని సరిచేయదు. మూడో వారం నుంచి రెండు వైపుల లిట్టర్‌ను (నేల మీద పరిచిన పొట్టును) గుప్పిట పట్టి నొక్కి చూడాలి. చేయి తెరవగానే విడిపోతే పేగు బాగున్నట్టు, ముద్దగా నిలిచిపోతే రెట్ట పలచబడినట్టు అనుకోవచ్చు. అయితే ఆ ముద్ద దొరికిన చోట పైన ఏ నిపులైనా కారుతోందేమో తలెత్తి చూసి, ఆ తరువాతే లెక్క రాసుకోవాలి.