రామతీర్థం రాళ్ల నుంచి మహేంద్రగిరి దాకా: మన ఉత్తరాంధ్ర కొండల్లో ఎక్కుడు, బస, సామాను సంగతులు

మా మేనల్లుడికి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సుకి సీటు వచ్చింది. కోర్సు నాలుగు వారాల దాకా ఉంటుంది. ముందు టేఖ్లా అనే చోట రాళ్ల మీద సాధన, ఆ తర్వాత వీపున బరువేసుకుని మంచు దాకా నడక. "మావయ్యా, విజయనగరంలో కూర్చుని హిమాలయాలకి ఎలా తయారవుతాం, ఇక్కడ ఉన్నవన్నీ చిన్న కొండలే కదా" అని వాడి టెన్షన్. చిన్నవే, కాదనను. కానీ మన కొండలు ఎక్కడ మొదలవుతాయో చూడాలి. ఉత్తరాన ఆరు వేల అడుగుల దగ్గర బస్సు దిగి నడక మొదలుపెడతారు. మనం దాదాపు సముద్రమట్టం నుంచి, ఉక్కపోతలో, మొదటి అడుగు నుంచీ మన కాళ్లతోనే ఎక్కాలి. కాళ్లకీ ఓపికకీ ఇంతకంటే మంచి పరీక్ష ఇంటికి ఇంత దగ్గరలో దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ శీతాకాలం వాడిని వెంటేసుకుని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ, ఒడిశా సరిహద్దు దాటి కాస్త అవతల కూడా తిరిగాను. ఎక్కడ ఏముంది, ఎక్కడ ఉండాలి, ఏది మన సమయానికి తగినది అన్నది రాస్తున్నాను.

మొదట రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా 12, 13 కిలోమీటర్లు, ఆటోలు, బస్సులు బాగానే దొరుకుతాయి. బస మాత్రం విజయనగరంలోనే పెట్టుకోండి. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు చాలా ఉన్నాయి. మేము దిగినది కాంప్లెక్స్ దగ్గర, ఏసీ గది వెయ్యి పైచిలుకు, శుభ్రంగా ఉంది, నీళ్లకి లోటు లేదు. రాత్రి బస్సుల హారన్లకి నిద్ర సరిగా పట్టలేదు, కాబట్టి వెనక వైపు గది అడగండి. తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకి ఒక సుఖం ఏమిటంటే, కాంప్లెక్స్ బయట ఐదింటికల్లా టీ, ఇడ్లీ దొరుకుతాయి.

రామతీర్థంలో బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అని పక్కపక్కనే మూడు కొండలు. రాముడి గుడికి వచ్చేవాళ్లలో చాలామంది బోధికొండ మెట్లెక్కి దిగిపోతారు, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలున్నాయి, దుర్గకొండ దగ్గర జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. ఇదంతా పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. మేకులు కొట్టడం, బోల్టులు దించడం, శిథిలాల ఇటుకల మీద కాలు పెట్టడం, వీటిలో ఏదీ చెయ్యకూడదు. తాడు కట్టి ఎక్కేవాళ్లు ఇంకో చోటు చూసుకోవాలి. మేము శిథిలాలకి బాగా దూరంగా, కొండ అడుగున ఉన్న వాలు రాళ్ల మీద, పడినా ఒళ్లు గీసుకుపోవడం తప్ప ఇంకేం కాని ఎత్తులోనే సాధన చేశాం. ఎక్కడం ఎంత కష్టమో చెప్పే అమెరికా వాళ్ల యోసెమిటీ లెక్కలో చెప్పాలంటే మూడు, నాలుగు తరగతుల రాయి, అంటే చేతులు కూడా వాడి ఎక్కాల్సినది, అక్కడక్కడ ఐదో తరగతి మొదలు.

నేర్చుకునేవాళ్లకి ఆ వాలు రాయి ఎంత విలువైనదో చెప్పాలి. పట్టుకోవడానికి చేతికి ఏమీ దొరకదు. పూర్తిగా పాదాల మీదే నిలబడాలి. మా వాడు భయంతో రాయికి హత్తుకుపోయాడు, ఒళ్లు రాయి వైపు వాలేసరికి కాలి మీద బరువు తగ్గి బూటు జర్రున జారింది. మడమ దించు, నడుము రాయికి దూరంగా పెట్టు, అడుగులు చిన్నవి వెయ్యి అని చెప్పగా చెప్పగా ఒకచోట నిటారుగా నిలబడ్డాడు. బూటు రబ్బరు రాతి గరుకుని పట్టుకున్నప్పుడు కాలి వేళ్లకి తెలుస్తుంది, ఆ నమ్మకం ఒకసారి వచ్చిందంటే ఇక చేతులు ఊరికే సాయానికే. తొమ్మిది దాటేసరికి రాయి కాలడం మొదలైంది. పక్కన మేకలు తోలుకుపోతున్న పెద్దాయన "పొద్దెక్కితే రాయి కాలతాది బావూ, దిగిపోండి" అని హెచ్చరించాడు, నిజంగానే పదింటికి అరచెయ్యి ఆనించలేకపోయాం. వానాకాలంలో పాచి పడుతుంది, అప్పుడు ఈ వైపు రావద్దు.

విజయనగరంలో ఉన్నారు కాబట్టి కోరుకొండ సైనిక్ స్కూలు వైపు ఒకసారి వెళ్లండి. లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలి, మేము గేటు దగ్గరి నుంచే చూశాం. పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు చదువుకున్నది ఇక్కడే. ఆ నెల్లూరు జిల్లా కుర్రాడికి కొండల పిచ్చి పట్టింది ఈ బడిలోనే. ఇదే బడిలో చదివి 1985లో ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు పోగొట్టుకున్న లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహం అతనికి స్ఫూర్తి అంటారు. మస్తాన్ బాబు 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్‌తో మొదలుపెట్టి, అకాంకాగ్వా, కిలిమంజారో, కోజియస్కో, ఎవరెస్ట్, ఎల్బ్రస్ ఎక్కి, జులై 10న డెనాలితో ముగించాడు. ఏడు ఖండాల్లోని అత్యంత ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో. 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. అతను తిరిగిన జిల్లా ఇదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రామతీర్థం బస్సెక్కే ప్రతి కుర్రాడికీ తెలియాలని నా కోరిక.

ఇప్పుడు సామాను సంగతి, ఇది కాస్త నిదానంగా చదవండి. క్లైంబింగ్ సామాను అమ్మే దుకాణం విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ నేను వెతికినంతలో దొరకలేదు. ట్రెకింగ్ బూట్లు, బ్యాగులు విశాఖ వెళ్లి డెకథ్లాన్‌లో కొన్నాం. కోర్సుకి వెళ్లేవాళ్లు తాడు, హార్నెస్ (తాడు తగిలించుకోవడానికి నడుముకి కట్టే పట్టీ) కొనక్కర్లేదు, సంస్థే ఇస్తుంది. డబ్బంతా బూట్ల మీద పెట్టండి, కొన్నాక నెలరోజులైనా వేసుకుని తిరగండి. తాడుతో ఒక రోజు సాధన చేయిద్దామని ఆన్‌లైన్‌లో దొరికిన ఒక నిర్వాహకుడికి అడ్వాన్స్ కట్టాను. వచ్చాడు, మాట మర్యాదా బాగానే ఉన్నాయి, కానీ సంచిలోంచి తీసిన తాడు చూడగానే నాకు గుండె ఆగినంత పనైంది. చివర లేబుల్ లేదు. చేతుల్లోంచి మూర మూర జార్చుకుంటూ చూస్తే ఒకచోట పై తొడుగు నూలు లేచి బొచ్చులా ఉంది, ఆ చోట వంచితే గుండ్రంగా వంగకుండా ఠక్కున మడత పడింది. అంటే లోపలి పోగులు దెబ్బతిన్నట్టే. ఎప్పుడు కొన్నారంటే జవాబు లేదు. వద్దని పంపించేశాను, అడ్వాన్స్ తిరిగి రాలేదు, పోతే పోయింది.

ఎక్కడానికి వాడేది డైనమిక్ తాడు, అంటే పడినప్పుడు సాగి ఆ ఊపుని మింగేది. ఒంటి తాడుగానే వాడొచ్చని సింగిల్ రోప్ ముద్ర వెయ్యాలంటే 80 కిలోల బరువుతో కనీసం ఐదు పరీక్షా పతనాలు తట్టుకోవాలి, మొదటి పతనంలో లాగుడు 12 కిలోన్యూటన్లు (బలాన్ని కొలిచే లెక్క) దాటకూడదు. బావికి వాడే నైలాన్ మోకు ఎంత లావున్నా ఈ పని చెయ్యదు, సరిగ్గా సాగదు, ఆ కుదుపంతా నడుము మీదే పడుతుంది. తాడు తగిలించే లోహపు కొక్కెం, కారబీనర్ మీద కూడా కిలోన్యూటన్ అంకెలు చెక్కి ఉంటాయి, చదవండి. సీఈ (యూరప్ భద్రతా ముద్ర), యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య ముద్ర) రెండిట్లో ఒక్కటీ లేని సామాను పిల్లల నడుముకి కట్టనివ్వొద్దు. తాడు కట్టే మనిషిని ప్రశ్నలడగడానికి మొహమాటపడొద్దు, మంచివాడైతే సంతోషంగా చెబుతాడు. ఇంకో మాట, మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖొండలైట్ రాయి ఎండకీ వానకీ త్వరగా చివికిపోతుంది. గట్టిగా కనిపించిన అంచు చేతికి ఊడి వచ్చేస్తుంది, ముందు తట్టి, డొల్ల చప్పుడొస్తే వదిలెయ్యండి. కింద నిలబడేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి.

శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి, వంశధార ఒడ్డున సాలిహుండం రెండూ చూశాం. పుణ్యగిరి మెట్లు, జలధార, శివుడి గుడి కుటుంబంతో వెళ్లడానికి చక్కగా ఉంటాయి, కార్తీకమాసంలో మాత్రం జనం విపరీతం. సాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ, సాయంత్రం నది మీద వెలుగు చూడాల్సిందే. సాధనకి రెండూ పనికిరావు.

అసలైనది మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు, శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, కానీ శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి శివరాత్రికి మనవాళ్లు తరతరాలుగా నడిచి ఎక్కుతున్నారు. ఒడిశా వైపు జీపు దారి ఉంది. మేము మన వైపు నుంచి నడిచి ఎక్కి, అటు జీపులో దిగాం. నన్నడిగితే ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే అలిసిన మోకాళ్లతో అంత దిగుడు పిల్లలకైనా మంచిది కాదు.

బస పలాసలో. మందసలో తినడానికి దొరుకుతుంది గానీ రాత్రి ఉండటానికి మాకు సరైన గది కుదరలేదు. పలాస కాశీబుగ్గలో లాడ్జీలున్నాయి, హౌరా చెన్నై లైను కాబట్టి రైళ్లకీ లోటు లేదు. మేము దిగిన చోట వేడినీళ్లు ఉంటాయన్నారు, పొద్దున అడిగితే గీజర్ పాడైందన్నారు, దుప్పట్లు మాసి ఉన్నాయి. సొంత దుప్పటి, దోమతెర పట్టుకెళ్లండి, ఏజెన్సీ వైపు మలేరియా భయం ఉంది. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు మాత్రం తెల్లవారుజామునే ఆటో మాట్లాడి పెట్టాడు, ఆ సాయం మరువలేను. మందసలో దిగి పాలకోవా కొనుక్కోండి, కొండ మీద ఆకలికి అంతకంటే బలమైనది ఇంకేం కావాలి.

దారి చూపడానికి కొండ కింది ఊళ్లో ఒక సవర అన్నని మాట్లాడుకున్నాం. ఎండకి భయపడి చీకట్లోనే మొదలెడదామని నా ఆలోచన. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. "ఎలుగు తిరిగే ఏళ బావూ ఇది, ఎలుతురొచ్చాకే ఎల్దాం" అన్నాడు. ఉద్దానంలో ఎలుగుబంట్ల దాడుల్లో మనుషులు చనిపోయిన సంగతి తెలిసిందే కాబట్టి ఆయన మాటే విన్నాం. జీడిపళ్లు పండే రోజుల్లో అయితే భయం ఇంకా ఎక్కువ. అందుకే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, ఆలస్యంగా మొదలుపెట్టినా ఎండ చంపదు.

మొదట జీడితోటలు, తర్వాత పోడు చేలు, ఆ పైన అడవి. రాతి ఎక్కుడేమీ లేదు, నడకే, కానీ ఒకే రోజులో దగ్గర దగ్గర 1400 మీటర్ల ఎత్తు. హిమాలయాల్లో 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి 300 నుంచి 500 మీటర్లకి మించి పెంచొద్దంటారు. అక్కడ గాలి పలచన, ఇక్కడ గాలి నిండా నీళ్లే. చెమట ఆరదు, అందుకే గుండె దడ తగ్గదు. మనిషికి నాలుగు లీటర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకెళ్లాం, అవి సరిపోయాయి. మా వాడి సంచిలో పన్నెండు కిలోల బరువు పెట్టాం, అందులో సగం నీళ్ల సీసాలే, మోకాలు నొప్పి పుడితే ఒంపేసి బరువు తగ్గించుకోవచ్చని. సగం కొండ దగ్గర వాడు కూలబడ్డాడు. సవరన్న తన డబ్బాలోని చోడి అంబలి కాస్త ఉప్పేసి వాడికి తాగించాడు. పావుగంటలో లేచి నడిచాడు, మళ్లీ పైదాకా కూర్చోలేదు. గ్లూకోజ్ బిస్కెట్లు చెయ్యని పని అంబలి చేసింది.

పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి. భీముడి గుడి చిన్నది, కానీ పేర్చిన రాళ్లు ఒక్కోటీ ఎంత పెద్దవంటే చూసి నోట మాట రాలేదు. రాజేంద్ర చోళుడి నాటి శాసనం కూడా ఇక్కడుంది. ఆకాశం తేటగా ఉంటే బంగాళాఖాతం కనబడుతుంది, మాకు మంచు విడిచాక కనబడింది. ఈ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ నది బారువ దగ్గర ఆ సముద్రంలోనే కలుస్తుంది. పైన కొట్లు శివరాత్రికి తప్ప నమ్మొద్దు, చెత్త వెనక్కి తెచ్చుకోండి. సరిహద్దు ప్రాంతం, అడవి, కాబట్టి బయల్దేరే ముందు పోలీసులకీ అటవీ శాఖ వాళ్లకీ ఒక మాట చెప్పడం మంచిది. సెల్ సిగ్నల్ దారిలో చాలాసేపు లేదు.

దిగుడుకి జీపు ముందే మాట్లాడుకోకపోతే పైన ఇరుక్కుపోతారు. మేము పర్లాకిమిడి నుంచి రప్పించుకున్నాం, బండి నడిపినతను నిదానస్తుడు, మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే, అక్కడి నుంచి శ్రీకాకుళానికి బస్సులున్నాయి.

చాలామంది దేవమాలి సంగతి అడుగుతారు. సాలూరు ఘాటీ ఎక్కి పొట్టంగి వైపు వెళ్తే కోరాపుట్ జిల్లాలో ఉంటుంది, 1672 మీటర్లు, మహేంద్రగిరి కంటే ఎత్తు. అందం అద్భుతం, పచ్చిక కొండలు, చలి. కానీ దాదాపు శిఖరం దాకా రోడ్డు ఉంది, కారులో వెళ్లి ఫొటో తీసుకుని వచ్చేయొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లాలంటే దేవమాలి, కాళ్లు గట్టిపడాలంటే మహేంద్రగిరి.

సవరన్నకి రోజు కూలీ ఎంతో ముందే మాట్లాడుకుని, దాని మీద ఇంకొంత ఇచ్చాం. మీరు వెళ్తే ఆ ఊళ్లలోంచే మనిషిని పెట్టుకోండి, బేరమాడొద్దు, ఆయన తిరిగి దిగిరావాల్సిన రోజు కూలీ కూడా కలిపి ఇవ్వండి.