గిల్మర్ పాట కోసం రోమ్, లండన్: ఎక్కడ ఉండాలి, ఎక్కడ వినాలి

పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు, గాయకుడు డేవిడ్ గిల్మర్ 2024 టూర్‌లో రోమ్ కచేరీ, లండన్ కచేరీ రెండూ చూసొచ్చాను. ఒక్కదానికే డబ్బులుంటే లండన్‌కే వెళ్ళమంటాను. రోమ్‌లో చూసినవాళ్ళు చాలామంది దీనికి ఒప్పుకోరని తెలుసు. రోమన్ చక్రవర్తుల కాలంలో రథాల పందేలు జరిగిన చిర్కో మాస్సిమో మైదానంలో కూర్చుని ఆయన గిటారు వినడాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు? కానీ ఊరు వేరు, కచేరీ వేరు. ఆ తేడా చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఎదురుచూపుల సంగతి. 2015 తర్వాత చాలా ఏళ్ళు ఆయన నుంచి కొత్త పాటల సోలో ఆల్బమ్ రాలేదు. 2019లో తన గిటార్లలో 120కి పైగా వేలానికి పెట్టేసరికి ఇక విశ్రాంతి తీసుకుంటాడేమో అనుకున్నాం. ఆ వేలంలో ప్రసిద్ధి చెందిన నల్ల స్ట్రాటొకాస్టర్ గిటారు ఒక్కటే 39.75 లక్షల డాలర్లు పలికింది. వచ్చిన సొమ్మంతా పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు ఇచ్చేశాడు. అలాంటిది 2024 వేసవిలో కొత్త ఆల్బమ్ అన్నారు, టూర్ అన్నారు, ఆల్బమ్ రాకముందే టికెట్లు కూడా అమ్మేశారు. 78 ఏళ్ళ మనిషి, ఒక్క పాట తప్ప వినని ఆల్బమ్, అయినా జనం టికెట్ల కోసం ఎగబడ్డారు. బ్రైటన్‌లో రెండు సన్నాహక ప్రదర్శనలు తీసేస్తే టూర్ మొత్తం రోమ్, లండన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్. ఆసియా ఊసే లేదు. కాబట్టి మనమే బయల్దేరాలి.

ఆ కొత్త ఆల్బమ్ 'లక్ అండ్ స్ట్రేంజ్' సెప్టెంబరు 6న వచ్చింది. వెంటనే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. నన్ను పట్టేసింది మాత్రం టైటిల్ పాట. 2007లో తన ఇంటి దగ్గరి కొట్టంలో పింక్ ఫ్లాయిడ్ కీబోర్డిస్టు రిక్ రైట్‌తో కలిసి సరదాగా వాయించినప్పటి రికార్డింగ్ మీద కట్టిన పాట అది. మరుసటి ఏడాదే రైట్ పోయాడు. ఆయన కీబోర్డు పదిహేడేళ్ళ తర్వాత కొత్త పాటలో వినిపిస్తుంటే, పింక్ ఫ్లాయిడ్ వింటూ పెరిగినవాళ్ళకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇంకోపక్క, డెబ్బైల నాటి పాటల మీద తనకు పెద్దగా ఆసక్తి లేదని గిల్మర్ ముందే చెప్పి ఉన్నాడు. దాంతో వెళ్ళేదాకా అందరికీ అదే టెన్షన్: పాతవి అసలు వాయిస్తాడా, లేదా?

వీసాల గురించి ఒక మాట. ఇటలీకి షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడి) వీసా, లండన్‌కు బ్రిటన్ వీసా, రెండూ విడివిడిగా తీసుకోవాలి. షెంగెన్ ఫీజు 2024 జూన్ 11 నుంచి 80 యూరోలు కాస్తా 90 అయింది. బ్రిటన్‌ది అప్పట్లో 115 పౌండ్లు. ఫీజులకంటే పెద్ద చిక్కు పాస్‌పోర్టు. ఉన్నది ఒక్కటే, దాన్ని ఒకరి తర్వాత ఒకరికి ఇవ్వాలి, అదీ వేసవి రద్దీలో. కచేరీ టికెట్ చేతిలో పెట్టుకుని స్టాంపు కోసం రోజులు లెక్కపెట్టడం నాకైతే పరీక్షలప్పటికంటే ఘోరంగా అనిపించింది. రెండో దేశం అంత అవసరమా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఈ సంగతి ముందే లెక్కలో వేసుకోండి.

రోమ్‌లో బస విషయానికొస్తే, అందరూ టెర్మినీ స్టేషన్ దగ్గర హోటల్ తీసుకోమంటారు. మామూలు యాత్రకు అది సరే, చిర్కో మాస్సిమోలో కచేరీకి మాత్రం వద్దు. రోమ్ మెట్రో మామూలు రోజుల్లో రాత్రి పదకొండున్నరకు ఆగిపోతుంది. శుక్ర, శనివారాల్లో మాత్రమే ఒంటిగంటన్నర దాకా నడుస్తుంది. మధ్యలో విరామంతో కలిపి కచేరీ రెండున్నర గంటలకు పైనే. నేను వెళ్ళింది మంగళవారం. చివరి పాట సగంలో ఉండగానే లేచి మెట్రోకు పరిగెత్తినవాళ్ళను చూశాను. ఆ పాటలో గిటారు సోలో వినడానికి సముద్రాలు దాటి వచ్చి, అది అవకముందే రైలు కోసం పరుగెత్తడమా!

నేను టెస్టాచ్చో అనే పేటలో గది తీసుకున్నాను. మైదానం నుంచి అవెంటైన్ గుట్ట పక్కగా నడిచి వెళ్ళిపోయేంత దూరం. విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు కూడా కలిసొచ్చింది. టెర్మినీకి వెళ్ళే లియొనార్దో ఎక్స్‌ప్రెస్‌కు 14 యూరోలు, అదే ఓస్తియెన్సె స్టేషన్ మీదుగా వెళ్ళే మామూలు రైలుకు 8. ఓస్తియెన్సెలో దిగితే టెస్టాచ్చో నడక దూరమే. గది గురించి చెప్పాలంటే, శుభ్రంగా ఉంది, మంచం బాగుంది. లిఫ్ట్ లేదు. గోడలు ఎంత పల్చనంటే పక్కగదివాళ్ళ అలారానికి నేను లేచేవాణ్ణి. బుకింగ్‌లో కట్టిన దానికి తోడు నగరపు పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని అక్కడ విడిగా తీసుకున్నారు. ఇది ఆ గది యజమాని చేసిన మోసం కాదు, రోమ్ అంతటా ఉన్న నిబంధనే. కానీ ముందు తెలియకపోతే గొడవ పడతాం.

టెస్టాచ్చోలో తిండికి ఢోకా లేదు. ఒకప్పుడు ఊరి కబేళా ఉన్న పేట, అందుకే బోటీ వంటకాలకు పేరు. మన దగ్గర బోటీ కూర ఇష్టపడేవాళ్ళు టొమాటోలో ఉడికించిన 'త్రిప్పా' తప్పకుండా తినాలి. శాకాహారులకు మార్కెట్లో తూకానికి అమ్మే పిజ్జా ముక్కలు, మిరియాలూ చీజూ కలిపిన పాస్తా దొరుకుతాయి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే రేటు మారిపోతుంది. నీళ్ళు కొనక్కర్లేదు, వీధి కుళాయిల్లో చల్లటి మంచినీళ్ళు రోజంతా పారుతూనే ఉంటాయి.

టికెట్ మీద పేరు సంగతి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఐదువేల మందికి మించి పట్టే వేదికల్లో కచేరీలకు 2019 జులై నుంచి ఇటలీలో టికెట్ మీద మనిషి పేరు ఉండి తీరాలి, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. అందుకే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అందులో ఎలా ఉంటే అలాగే కొట్టాను. గేటు దగ్గరి అమ్మాయి నా ఇంటిపేరు మీద వేలు పెట్టి, టికెట్‌నూ పాస్‌పోర్టునూ అక్షరం అక్షరం పోల్చి చూసి, చదవడానికి ప్రయత్నించి, నవ్వేసి లోపలికి పంపింది. నా ముందున్న ఇద్దరు మాత్రం వేరేవాళ్ళ పేరున్న టికెట్లు తెచ్చి పక్కకు నిలబడాల్సి వచ్చింది. పేరు మార్పించుకునే వీలుంది, కానీ అది ముందే చేసుకోవాలి.

క్యూలోనే సగం కచేరీ చూసినంత సరదా అయింది. 2016లో ఇదే మైదానంలో ఆయన్ను చూసినవాళ్ళు తారసపడ్డారు. తండ్రీకూతుళ్ళు వచ్చారు, మనవడి చెయ్యి పట్టుకుని వచ్చిన తాతగారున్నారు. ముందు రాత్రులు చూసినవాళ్ళు ఏయే పాటలు వాయించాడో చెప్పబోతే, చెప్పొద్దు బాబోయ్ అని చెవులు మూసుకున్నవాళ్ళూ ఉన్నారు. ముందురోజే విన్నట్టు మాట్లాడుకుంటున్న పాటలు మాత్రం కొత్త ఆల్బమ్‌లోవి. అది నాకు నచ్చింది.

చీకటి పడ్డాక పక్కనే పాలటైన్ గుట్ట మీది శిథిలాలు దీపాల్లో కనబడుతుంటే ఆ దృశ్యానికి సాటి లేదు. శబ్దం సంగతి అలా చెప్పలేను. ఆరుబయట కదా, నేను కూర్చున్న పక్క స్టాండులో గాలి మళ్ళినప్పుడల్లా గిటారు పలచబడిపోయేది. పెద్ద పాటలకు ఫర్వాలేదు. కూతురు రోమనీ హార్ప్ వాయిస్తూ 'బిట్వీన్ టూ పాయింట్స్' పాడినప్పుడు సగం పోయింది. టికెట్ తీసుకునేటప్పుడు రేటు కాస్త ఎక్కువైనా మధ్యలో సీట్లు చూసుకోండి. టీషర్టులు కావాలంటే విరామం దాకా ఆగకండి, అప్పటికి పెద్ద సైజులు తప్ప మిగల్లేదు.

రోమ్ దాకా వచ్చిన అభిమాని పాంపేయి, అంటే అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ఆ పాత రోమన్ ఊరు, చూడకుండా వెళ్ళడు. 1971 అక్టోబరులో అక్కడి యాంఫీథియేటర్‌లో (గుండ్రటి పాత ఆరుబయలు రంగస్థలం) పింక్ ఫ్లాయిడ్ ప్రేక్షకులు లేకుండా వాయించి చిత్రీకరించారు. 2016లో గిల్మర్ అదే చోట ప్రేక్షకుల ముందు వాయించాడు. నేపుల్స్ దాకా వేగం రైలులో గంటా పది నిమిషాలు. అక్కణ్ణుంచి అందరూ చిర్కుంవెసువియానా రైలెక్కుతారు. కిక్కిరిసి ఉంటుంది, జేబులు జాగ్రత్త. అది దింపేది యాంఫీథియేటర్‌కు ఆ చివర. నేపుల్స్ నుంచి మామూలు ప్రాంతీయ రైలులో పాంపేయి ఊరి స్టేషన్‌కు వెళ్తే యాంఫీథియేటర్ గేటు దగ్గర. మధ్యాహ్నం ఎండలో ఆ రాళ్ళ మీద అంత దూరం నడవడం తప్పుతుంది. ఆటస్థలం లాంటి ఖాళీ నేల మధ్యకు వెళ్ళి చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటున్నవాళ్ళను చూస్తే ఎవరు ఫ్లాయిడ్ మనుషులో ఇట్టే తెలిసిపోతుంది. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, ఇక్కడ కూడా పేరున్న టికెట్లే. కాబట్టి ముందే కొనుక్కోండి.

లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగి మ్యూజియంల వీధి వెంట నడవాలి. ఆ చుట్టుపక్కల గదుల అద్దె చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను రెండు స్టేషన్ల అవతల ఎర్ల్స్ కోర్ట్‌లో దిగాను. హీత్రో నుంచి పికడిల్లీ లైన్ నేరుగా అక్కడికి వస్తుంది, కచేరీకీ అదే లైన్. గది మాత్రం నేలమాళిగలో ఇచ్చారు. పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు, కిటికీలోంచి జనం కాళ్ళు కనబడతాయి. రోమ్‌లో అదే డబ్బుకు బాల్కనీ వచ్చింది. కానీ రాత్రి కచేరీ అయ్యాక తిరుగు ప్రయాణానికి ఏ హడావిడీ లేదు, అర్ధరాత్రి దాటినా ట్యూబ్ (లండన్ మెట్రో) ఉంది.

టికెట్ల దగ్గర లండన్‌లో ఒక చేదు నిజం ఉంది. 5,272 మంది పట్టే ఈ హాల్లో 1,200 పైచిలుకు సీట్లు సభ్యుల సొంత ఆస్తి. వాటిలో కొన్ని తర్వాత భారీ రేట్లకు బయట అమ్మకానికి కనబడతాయి. దీని మీద బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి వివాదం నడుస్తోంది. అమ్మకం తెరిచిన పూటే దొరికితే సరి, లేకపోతే ఆ రేట్లు చూసి బాధపడొద్దు, హాలు వాళ్ళ వెబ్‌సైట్లో రోజూ వెతకండి. నాకు పై వరుసలో దొరికింది. మెట్లు నిటారుగా ఉంటాయి, ఎత్తంటే భయమున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది అంతస్తులు చూసుకోవాలి.

ఒకప్పుడు ఈ హాల్లో ప్రతిధ్వని ఎంత ఘోరమంటే, ఒకే టికెట్ మీద సంగీతం రెండుసార్లు వినొచ్చని జోకు. 1969లో పైకప్పుకు పుట్టగొడుగుల్లాంటి పలకలు వేలాడదీశాక ఆ బాధ తగ్గింది. అంత పైన కూర్చున్నా వేలు తీగ మీద జారే చప్పుడు వినబడింది. రోమ్‌లో గాలికి పోయిన హార్ప్ ఇక్కడ చుక్క చుక్కగా వచ్చి చేరింది. గాయనులు పియానో చుట్టూ కొవ్వొత్తుల వెలుగులో చేరి పింక్ ఫ్లాయిడ్ పాత పాట 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' మెల్లగా మొదలుపెట్టినప్పుడు హాల్లో ఒక్క ఫోన్ కూడా లేవలేదు. పాతవి వాయించాడా అంటే వాయించాడు, చివర్న 'కంఫర్టబ్లీ నంబ్'తో సహా. అయినా నాకు అక్కడ బాగా పండింది కొత్త ఆల్బమే. ముఖ్యంగా ఆఖరి పాట 'స్కాటర్డ్'లో గిటారు మెల్లగా మొదలై పెరుగుతూ పోతుంది చూడండి, అది ఆరుబయట వినాల్సిన పాట కాదు.

డబ్బు లెక్కలో రోమ్ చవక. తిండి, ఊరు, పక్కన పాంపేయి, అన్నీ రోమ్‌కే మార్కులు. ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు, సంగీతం పిచ్చి లేనివాళ్ళు తోడుగా ఉన్నవాళ్ళు ఇంకో ఆలోచన లేకుండా రోమ్‌కే వెళ్ళండి. ఒంటరిగా పాట కోసమే వెళ్ళేవాళ్ళకు నేలమాళిగ గది అయినా సరే, లండన్.

ఆయన ఇంకో ఆల్బమ్ అంటే నేను మళ్ళీ బయల్దేరతాను. ఈసారి ఒక్క వీసాతోనే. టూర్ ప్రకటన రాగానే, టికెట్లు అమ్మకానికి రాకముందే, రద్దు చేసుకోగలిగే గది నడక దూరంలో బుక్ చేసిపెట్టుకోండి. టికెట్ దొరక్కపోతే ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. దొరికాక వెతికితే ఆ పేటలో మిగిలేవి ఎవరికీ అక్కర్లేని గదులే, అవీ రెట్టింపు రేటుకు.