మిద్దె మీద తొట్టిలో తామరా, కలువా, తూటికూరా: ఏది మేలు?

మా ఇల్లు తిరుపతిలో, తిరుచానూరు వెళ్ళే దారికి దగ్గర. మామగారు ఆవుల్ని పెంచినన్నాళ్ళూ పెరట్లో మూడు గుండ్రటి సిమెంటు తొట్లుండేవి, కుడితి పోసేందుకు. ఆవులు పోయాక అవి ఊరికే పడి ఉన్నాయి. నాలుగేళ్ళ కింద వాటిని మిద్దె మీదికి ఎక్కించి నీళ్ళ మొక్కలు వేశాను. చూడ్డానికి అందంగా ఉండాలి, అప్పుడప్పుడు వంటింట్లోకీ రావాలి. నా కోరిక అంతే. ఒక తొట్టిలో తామర, ఒకదానిలో కలువ, ఇంకోదానిలో నీళ్ళ మీద పాకే ఆకుకూర, తూటికూర.

మా అత్త పైకొచ్చి చూసి, "అమ్మణ్ణీ, ఇవి అమ్మవారికా, మనం తినేదానికా? ముందు అది తేల్చుకో" అంది. రెండింటికీ ఎందుకు పనికిరావు? అనుకున్నాను. పనికొస్తాయి, కానీ ఒకే తొట్టిలో ఒకే ఏడాదిలో రెండూ నిండుగా రావు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ఏ మొక్క అని ఆలోచించే ముందు చూసుకోవాల్సింది ఎండ. తిరుచానూరు పద్మసరోవరం తూర్పు గట్టున సూర్యనారాయణ స్వామి గుడి ఉంది కదా. స్వామివారు అమ్మవారి కోసం తపస్సు చేస్తూ కోనేటిలో తామరలు వేసి, అవి బాగా విచ్చుకోవాలని సూర్యుణ్ణి అక్కడ ప్రతిష్ఠించారని స్థలపురాణం. తామర పెంచినవాళ్ళకు ఆ కథ ఇంకో రకంగా కూడా మనసుకు పడుతుంది. తామరకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీటి ట్యాంకు నీడలోనో, పక్కింటి గోడ చాటునో పెడితే ఆకులు వస్తాయి, మొగ్గ రాదు. నా తామర తొట్టి మొదట్లో మెట్ల గది పక్కన ఉండేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి దాని మీద నీడ పడేది. ఆ వేసవి అంతా ఆకులు తప్ప ఏమీ లేవు. మరుసటేడు పది అడుగులు ఇవతలికి జరిపితే మే నెలలో మొదటి పువ్వు పూసింది.

కలువ కొంచెం సర్దుకుంటుంది. నాలుగైదు గంటల ఎండ ఉన్నా పూస్తుంది. తామర సూర్యుడిది, కలువ చంద్రుడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. రాత్రి పూసే తెల్ల కలువ పొద్దుగూకాక విచ్చుకుని, తెల్లారి పొద్దెక్కేదాకా ఉండి ముడుచుకుంటుంది. ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళకు ఆ పువ్వే బాగా కనిపిస్తుంది. తామర పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులు అలా తెరుచుకుని మూసుకుని, తర్వాత రేకులు రాలుస్తుంది.

ఈ రెండింటినీ కలిపేసి అమ్మేవాళ్ళు ఎక్కువ కాబట్టి తేడా చెప్పి తీరాలి. తామరాకు గుండ్రంగా, ఎక్కడా చీలిక లేకుండా ఉంటుంది. ముదిరాక నీళ్ళ మీదికి లేచి గొడుగులా నిలబడుతుంది. నీటిబొట్టు దాని మీద నిలవకుండా జారిపోతుంది. కలువాకు నీళ్ళ మీదే పరుచుకుంటుంది, కాడ దగ్గర ఒక చీలిక ఉంటుంది. నీలి తామర గింజలని ఎవరైనా ప్యాకెట్టు అమ్మితే కొనకండి. తామరలో తెలుపు, గులాబీ, ఎరుపు, లేత పసుపు ఉన్నాయి గానీ నీలం లేదు. నీలం కలువలకే ఉంది.

ఇంకో పొరపాటు కూడా ఇళ్ళల్లో బాగా జరుగుతోంది. షాపుల్లో తామర గింజలని అమ్మే తెల్లటి పేలాల్లాంటి మఖానా తామరది కాదు. అది కలువ కుటుంబంలోని వేరే మొక్క. ఆకు నిండా ముళ్ళుంటాయి. బిహార్‌లో ఎక్కువగా పండుతుంది. మిథిలా మఖానాకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి తామర వేసి మఖానా వేయించుకుందామనుకునేవాళ్ళకు నిరాశ తప్పదు.

తామర గింజ రుచే వేరు. పువ్వు రాలాక మధ్యలో ఉండే కాయ పచ్చగా, షవర్ మూతలా కనిపిస్తుంది. గింజలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే కోయాలి. గోటితో తొక్క తీస్తే లోపల పాలలాంటి తెల్ల పప్పు. పచ్చి వేరుశెనక్కాయ తిన్నట్టే ఉంటుంది, ఇంకొంచెం తియ్యగా. రెండు బద్దల మధ్య ఆకుపచ్చ మొలక ఒకటి ఉంటుంది, బాగా చేదు. తీసేసి తినాలి. మా పిల్లలకు అది తీసిచ్చే ఓపిక నాకుంటే ఒక కాయ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ముదిరితే గింజ నల్లబడి రాయవుతుంది. ఆ రాయి ఎంత గట్టిదంటే, చైనాలో ఎండిపోయిన ఒక పాత చెరువు అడుగున దొరికిన వెయ్యేళ్ళకు పైబడిన తామర గింజలు మొలకెత్తాయి. మనం మొలకెత్తించాలంటే గింజకు చిన్న గుంట ఉన్న వైపు గరుకు కాగితం మీద రుద్ది, లోపలి లేత రంగు కనబడగానే ఆపాలి. గ్లాసులో నీళ్ళు పోసి, రోజూ నీళ్ళు మారుస్తూ ఎండ తగిలేచోట పెడితే వారం లోపే మొలక వస్తుంది. అయితే గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలాగే పూస్తుందన్న భరోసా లేదు, పూతకు ఏడాది కూడా పట్టొచ్చు. పువ్వు తొందరగా కావాలంటే గడ్డ నాటడమే మేలు.

నేను దెబ్బతిన్నది ఈ గడ్డ దగ్గరే. మొదటి ఏడు ఒక నర్సరీలో గడ్డ కొన్నాను. పువ్వూ వస్తుంది, కూరకు గడ్డా వస్తుంది అని చెప్పి ఇచ్చారు. సంక్రాంతికి తొట్టి తిరగేస్తే చిటికెనవేలంత సన్నటి వేర్లు. తరిగితే గుప్పెడు కూడా కాలేదు. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. తర్వాత తెలుసుకున్నాను, తామరలో పువ్వుకు పెంచే రకాలు, గింజకు పెంచే రకాలు, గడ్డకు పెంచే రకాలు వేరువేరు. చైనాలో రైతులు వీటిని విడివిడిగానే వేస్తారు. చిన్న కుండీలో ముద్దుగా పూసేవి దాదాపు అన్నీ పువ్వు రకాలే. గడ్డ కావాలంటే కూరకు అమ్మే లావు గడ్డే, మొలక కొన విరగకుండా ఉన్నది సంపాదించి నాటాలి. మాకు చెన్నై నుంచి చుట్టాలు తెచ్చిచ్చారు. ఆ కొన విరిగిందంటే గడ్డ కుళ్ళిపోతుంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాలి.

నాటేది ఫిబ్రవరి, మార్చిలో. అడుగున బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం, దాని మీద అర అడుగు చెరువు మన్ను, గడ్డను పడుకోబెట్టి కొన పైకి ఉండేలా మన్ను కప్పి, పైన నాలుగైదు అంగుళాల నీళ్ళు. పచ్చి పేడ వేస్తే వేడి చేసి గడ్డ చచ్చిపోతుంది, నీళ్ళు పచ్చబడి వాసనొస్తాయి. కొబ్బరి పీచు కలిపిన కుండీ మట్టి అసలు వద్దు, పైకి తేలిపోతుంది. మే నెలలో మా తిరుపతి ఎండకు రెండు మూడు రోజులకోసారి అంగుళం నీళ్ళు తగ్గేవి. ఊరికి వెళ్ళేటప్పుడు నాకు టెన్షన్ అంతా ఈ తొట్ల గురించే.

విస్తరికని ఆకులు ఎడాపెడా కోస్తే గడ్డ ఊరదు. ఆకు చేసిన తిండే వర్షాకాలం చివర్లో గడ్డలో నిలవ పడుతుంది. కోసినా కాడ నీళ్ళలోపల తెగకూడదు. కాడ బోలుగా ఉంటుంది, నీళ్ళు దిగి గడ్డ దాకా కుళ్ళిస్తాయి. కార్తీకం దాటి ఆకులు పండి ఎండాక, నీళ్ళు తోడేసి చేత్తో తవ్వాలి. రెండో రకం వేసిన ఏడు మూడడుగుల తొట్టిలో నాకు కిలోన్నర దాకా వచ్చింది. బురద కడిగి ఒక ముక్క విరిచాను. రెండు ముక్కల మధ్య తెల్లటి దారాలు, సాలెపట్టుకంటే సన్నంగా, జానెడు దూరం లాగినా తెగలేదు. తామరతూడు అని పద్యాల్లో చదివిన మాట అప్పుడు నా వేళ్ళకు చుట్టుకుంది. అత్త కూడా పక్కన కూర్చుని చాలాసేపు అదే లాగి చూసింది.

గడ్డ చెక్కు తీసి పావు అంగుళం మందాన చక్రాలుగా కోస్తే గాలికి నల్లబడుతుంది, అందుకే వెంటనే పలచటి మజ్జిగలో వేయాలి. ఇనుప మూకుడులో వండితే నల్లగా అవుతుంది. రంధ్రాల్లో బురద ఉండిపోతుంది, ఒక్కొక్క చక్రం వెలుతురులో పెట్టి చూసి కడగాలి. ఉప్పు, పసుపు వేసి పది నిమిషాలు ఉడికించి, ఎర్రగడ్డ, ఎండుమిరపకాయలతో వేయిస్తే కరకరమంటూ ఉంటుంది. చింతపండు పులుసు పెట్టినా బాగుంటుంది, రాగి సంగటిలోకి నాకు అదే ఇష్టం. మిగిలిన చక్రాలను ఉప్పు వేసిన మజ్జిగలో ఊరబెట్టి, ఊరమిరపకాయల్లాగే రోజూ ఎండబెట్టి వరుగు చేశాం. ఏ గడ్డైనా, కాడైనా పచ్చిగా తినొద్దు. నిలవ నీటి మొక్కలకు పేగు పురుగుల గుడ్లూ, లార్వాలూ అంటుకుని ఉండే ప్రమాదముంది, ఉడికితే భయం లేదు.

కలువ గురించి చెప్పేది తక్కువ. బెంగాల్లో పూకాడల నార తీసి కూర వండుకుంటారు. కొన్నిచోట్ల గడ్డలూ తింటారు, కరువు రోజుల్లో గింజలూ తిన్నారు. నేను ఒక్కసారి కాడలు పెసరపప్పులో వేసి కొబ్బరి తురుముతో వండాను. సొరకాయలా మెత్తగా ఉంది, తనకంటూ రుచి ఏమీ లేదు. నాలుగు కాడలకోసం నాలుగు పువ్వులు పోయాయన్న బాధే మిగిలింది. నా లెక్కలో కలువ కంటికే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పుష్పంగా ఉన్న పువ్వు అది. విభజన తర్వాత 2018లో మల్లెకు ఆ స్థానం ఇచ్చారు. నాకు ఇప్పటికీ కలువే ఉండాల్సిందనిపిస్తుంది.

తిండి మాటే అయితే తూటికూర ముందు ఏదీ నిలబడదు. జానెడు కాడ బురదలో గుచ్చి రెండంగుళాల నీళ్ళు పెడితే వారానికి వేళ్ళు పోస్తుంది, నెలకు మొదటి కోత. ఆ తర్వాత పది పదిహేను రోజులకోసారి చిగుళ్ళు కోస్తూనే ఉండొచ్చు. కోసేకొద్దీ గుబురవుతుంది. లేత చిగుళ్ళతో పప్పు బాగుంటుంది, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి పులగూర చేస్తే ఇంకా బాగుంటుంది. తెలుపు, లేత ఊదా కలిసిన పూలు పొద్దున పూట చూడముచ్చటగానే ఉంటాయి. అందం విషయంలో దీన్ని జనం తక్కువ చూస్తారు గానీ, తొట్టి అంచు దాటి కిందికి వేలాడే తీగ నా కళ్ళకు బాగుంటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. చెరువు గట్ల మీద, కాలువల పక్కన ఊదా రంగు పూలతో పొదలా నిలబడే లొట్టపీసు చెట్టు దీని దగ్గరి చుట్టమే, కానీ విషం. మేకలు, ఆవులు తింటే జబ్బు పడతాయి. తూటికూర తీగ కాడ బోలుగా, లేతగా ఉండి నీళ్ళ మీద పాకుతుంది. తెలిసినవాళ్ళు ఇచ్చిన కాడే తీసుకోండి. రెండోది, మురుగు కలిసే చెరువులో ఎంత పచ్చగా కనబడినా కోయొద్దు. నీళ్ళలో ఉన్న సీసం, కాడ్మియంలాంటివి ఈ మొక్క పీల్చుకుంటుంది. మీ తొట్టిలోది ఎక్కువైతే కూడా చెరువులో పారేయకండి, అది చెరువంతా అల్లుకుంటుంది.

ఇక నా మాట. ఒక్క తొట్టే ఉండి, ఎండ నిండుగా ఉంటే తామరే వేయమంటాను. కూర తక్కువ వస్తుందని తెలిసీ చెబుతున్నాను. ఏడాదిలో పువ్వు, గింజ, ఆకు, గడ్డ, అన్నీ కాస్త కాస్త చేతికొచ్చేది అదొక్కటే. కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాల చివరి రోజైన పంచమి తీర్థం నాడు మన తొట్టిలో పూసిన మొగ్గ అమ్మవారి పటం ముందు పెట్టుకుంటే ఆ సంతోషం వేరు. పైగా తూటికూరకు పెద్ద తొట్టి అక్కర్లేదు, పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. ఎండ నాలుగు గంటలే అయితే కలువ. అదీ లేదు, అంతా నీడే అంటే ఈ మూడూ వద్దు, చేమగడ్డ నాటుకోండి. బురద మట్టిలో పెద్ద పెద్ద ఆకులతో అందంగా పెరుగుతుంది, ఆకూ గడ్డా రెండూ కూరకొస్తాయి. దురద పోవాలంటే చింతపండు వేసి బాగా ఉడికించాలి.

ఏది వేసినా తినే తొట్టిలో పురుగుమందు కొట్టొద్దు. తామరాకు మీద పేను పడితే పైపు నీళ్ళు గట్టిగా కొడితే చాలు. దోమలకు నాలుగు గప్పీ చేపలు వదలండి. కుళాయి నీళ్ళైతే ఒకరోజు నిలవ ఉంచాక వదలాలి, క్లోరిన్ పోవాలి. కొత్త సిమెంటు తొట్టైతే రెండు మూడు వారాలు నీళ్ళు నింపుతూ పారబోస్తూ సున్నం దిగిపోనివ్వండి. బరువు కూడా చూసుకోండి. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు తొట్టిలో సుమారు 200 లీటర్లు పడతాయి, అంటే 200 కిలోలు. నీళ్ళ బదులు మన్ను ఉన్నంత మేర బరువు ఇంకా పెరుగుతుంది. మా మూడు తొట్లూ కింద గోడలూ, దూలాలూ ఉన్నచోటే ఉన్నాయి.

మొన్న పక్కింటావిడ పైకొచ్చి తామర తొట్టి దగ్గర నిలబడి, "అక్కా, నాకూ ఒకటి ఇవ్వవా" అని అడిగింది. తూటికూర కాడలు అప్పుడే కోసిచ్చాను. తామర గడ్డ సంక్రాంతి దాటాక తీసిస్తానన్నాను. ఈలోపు వాళ్ళ మిద్దె మీద ఎండ ఏ మూల ఎన్ని గంటలు పడుతుందో గడియారం పెట్టి రాసుకోమన్నాను.