మూడు రోజుల శ్రీకాకుళం యాత్ర, ఒక రేడియేటర్ మూత

రణస్థలం దాటాక హైవే పక్కన ఉన్న ఒక గ్యారేజీలో మా కారుకు 14,500 రూపాయల పని చెప్పారు. శ్రీకాకుళం ఊళ్లో ఇంకొకాయన అదే కారును 1,660 రూపాయలకు బాగుచేసి ఇచ్చాడు. అరసవల్లి గురించి, శ్రీకూర్మం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పాత కారులో ఆ దారిన వెళ్లేవాళ్ల కోసం నేను ఈ తేడా గురించే ఎక్కువ రాస్తాను.

మాది 2005 మోడల్ చిన్న పెట్రోల్ కారు, నాన్నగారు కొన్నది. అమ్మకు జనవరిలో కంటి ఆపరేషన్ అయింది. చూపు కుదుటపడితే ఆదివారం పూట సూర్యనారాయణ స్వామి దర్శనానికి వస్తానని మొక్కుకుంది. ఏప్రిల్ చివర ఒక శుక్రవారం ఉదయం ఆరింటికి అమ్మ, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు విశాఖ నుంచి బయల్దేరాం. ముందు బానెట్ ఎత్తి, రేడియేటర్ పక్కన ఉండే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా చూశాను. నిండుగా ఉంది. రేడియేటర్ మూత మాత్రం తీసి చూడలేదు. నేను చేసిన తప్పు అదే.

భోగాపురం, పూసపాటిరేగ హాయిగా దాటాం. పైడిభీమవరం దగ్గర లారీల వెనక నెమ్మదిగా పోవాల్సి వచ్చినప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటింది. రణస్థలం దాటేసరికి ఎర్రగీతకు దగ్గరైంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా తిప్పాను. ఈ ఎండలో హీటరేమిటని మా ఆవిడ కోప్పడింది. హీటర్ నడిచేది ఇంజన్‌లోని వేడినీళ్లతోనే కాబట్టి, కొంత వేడి అటునుంచి బయటికి పోతుందని నా ఆశ. కానీ హీటర్‌లోంచి చల్లగాలి వచ్చింది. ఇంజన్ మరుగుతుంటే హీటర్ చల్లగా ఉందంటే ఆ పైపుల్లోకి నీళ్లు చేరడం లేదన్నమాట. ఇంకొక్క నిమిషం కూడా నడపకుండా పక్కకు తీసి ఆపేశాను. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే మీరూ ఆపేయండి.

తాటిచెట్ల నీడలో యాభై నిమిషాలు కూర్చున్నాం. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మొక్కు తీరకుండానే అడ్డు వచ్చిందని ఆవిడ దిగులు. పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, గుడ్డ వేసి మూత తిప్పాను. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి, ఎంత తొందరున్నా ఆ పని చేయకండి. నాలుగు లీటర్లు పట్టే రేడియేటర్, ఇంజన్లలోకి రెండున్నర లీటర్ల నీళ్లు పట్టాయి. పక్కన డబ్బా మాత్రం నిండుగానే ఉంది. అంత టెన్షన్‌లో అదేమిటో నాకు అర్థం కాలేదు.

మూడు కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆ గ్యారేజీకి చేరాం. అక్కడి మనిషి ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్‌లో బుడగలు చూపించి, 'హెడ్ గ్యాస్కెట్ పోయింది' అన్నాడు. ఇంజన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు అది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. హెడ్ దించి దాని అడుగును చదును (ఫేసింగ్) చేయించాలట, మూడు రోజులు పడుతుందట, 14,500 అవుతుందట. అంత వద్దనుకుంటే 1,500 తీసుకుని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని వాల్వు) పీకేస్తాడట. ఆయిల్ గేజి తీసి చూడలేదు. కింద వంగి చూడలేదు. ఇంకో పది కిలోమీటర్లు వెళ్తే ఇంజన్ పట్టేస్తుందని అమ్మ ముందే అన్నాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆలోచించుకుని వస్తామంటే చూసినందుకు 500 తీసుకున్నాడు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ 500 కాదు, ఆపరేషన్ అయిన మనిషిని అలా భయపెట్టడం.

దారిలో మూడుసార్లు ఆగి, నీళ్లు పోసుకుంటూ మధ్యాహ్నానికి శ్రీకాకుళం చేరాం. లాడ్జి గది 1,800. ఏసీ మోత పెట్టింది గాని చల్లబరచలేదు, రాత్రి తొమ్మిది తర్వాత కుళాయిలో నీళ్లు లేవు. అడిగితే కౌంటర్‌లో కుర్రాడు బకెట్ చూపించాడు. గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి.

శనివారం ఉదయం లాడ్జి ఎదుట టీ కొట్టాయన చెబితే ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అరవై ఏళ్లు దాటిన మనిషి. జరిగిందంతా విని, 'నీరు ఎటెల్తందో సూడకుండా హెడ్ ఇప్పేస్తారేటి బావూ?' అన్నాడు. ఆ మాటకే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది.

ముందు ఆయిల్ గేజి తీసి చూపించాడు. ఆయిల్ పోసే మూత అడుగున వేలు పెట్టి తుడిచాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలకాఫీ రంగుకు తిరుగుతుంది, మూతకు మీగడలా అంటుతుంది. మాదాంట్లో రెండూ లేవు. గ్యాస్కెట్ పోయినా ఒక్కోసారి ఆయిల్ శుభ్రంగానే ఉంటుందని, ప్లగ్గులు తీసి కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) కూడా చూశాడు. నాలుగు సిలిండర్లలోనూ దాదాపు ఒకేలా వచ్చింది.

తర్వాత రేడియేటర్ మూత తీసి, సైకిల్ పంపులాంటి ఒక సాధనం బిగించాడు. దానికి గేజి ఉంది. ఇంజన్ చల్లగా ఉండగానే లోపల 0.9 దాకా గాలి ఒత్తిడి పెట్టి వదిలేశాడు. మా మూత మీద రాసి ఉన్న అంకె కూడా అదే. అయిదు నిమిషాల్లో ముల్లు 0.5కు పడిపోయింది. టార్చి వేసి వెతికితే దొరికింది: డాష్‌బోర్డు వెనక గోడలోకి, హీటర్‌కు వెళ్లే సన్న పైపు. క్లిప్పు కింద చీలి, చుట్టూ ఆరిపోయిన కూలెంట్ పచ్చటి పొక్కులా పేరుకుని ఉంది. బండి నడుస్తున్నప్పుడు కారిన చుక్క వేడి ఇంజన్ మీద పడి అక్కడే ఆవిరైపోతోంది. ఇంటి దగ్గర కారు కింద ఏనాడూ తడి కనపడకపోవడానికి కారణం అదే.

మూతను అదే పంపుకు తగిలించి చూస్తే 0.3కే వదిలేసింది. లోపలి రబ్బరు గట్టిపడి చిట్లిపోయింది. అది ఒత్తిడిని ఆపితేనే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. ఆపకపోతే నీళ్లు ముందే మరిగి డబ్బాలోకి తన్నుకొస్తాయి. చల్లారేటప్పుడు రేడియేటర్ ఆ నీళ్లను వెనక్కి లాక్కోవాలి. మాది మాత్రం చీలిన పైపులోంచి గాలి లాక్కుంది. డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉండటానికి అదే కారణం. ముందురోజు గ్యారేజీలో చూపించిన బుడగలు కూడా ఆ గాలివే.

హీటర్‌కు రెండు కొత్త పైపులు వేశాక రేడియేటర్ మూత తీసి, హీటర్ ఆన్ చేసి ఇంజన్ నడిపాడు. రేడియేటర్ పై పైపు కాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కింది. థర్మోస్టాట్ తెరుచుకుందని చెప్పి, నా చేతితో పైపు ముట్టించాడు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేసరికి బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. గ్యాస్కెట్ పోయి ఉంటే అవి వస్తూనే ఉండేవి. గ్యారేజీలో థర్మోస్టాట్ పీకేస్తామన్నారని చెబితే ఆయన విసుక్కున్నాడు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

మూత 280, పైపులు 340, క్లిప్పులు 60, లీటరు కూలెంట్ 380, కూలి 600. కూలెంట్‌లో సగానికి సగం శుద్ధి చేసిన నీళ్లు కలిపాడు. పాత సామాను నా చేతిలో పెట్టి మరీ డబ్బు తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఒక మెస్‌లో 120 రూపాయల భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వేశారు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న మా ఆవిడ మారు అడిగి వేయించుకుంది.

ఆదివారం ఉదయాన్నే అరసవల్లిలో దర్శనమైంది. అమ్మ మొక్కు తీరింది. శ్రీకూర్మంలో బాబు నక్షత్ర తాబేళ్ల దగ్గర నుంచి కదలనన్నాడు. శాలిహుండం మెట్లు అమ్మ ఎక్కలేదు, మేం ఎక్కి వంశధారను చూసి దిగాం. కళింగపట్నం లైట్‌హౌస్ దాకా వెళ్లి తిరిగి విశాఖ చేరేదాకా ముల్లు సగానికి కింద నుంచి కదల్లేదు.

ఆ తర్వాత వారం రోజులూ ఉదయాన్నే రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. ఆ సంగతి చెబుదామని మెకానిక్‌కు ఫోన్ చేశాను. 'మంచిది. నెల పోయాక మళ్లీ సూడండి బావూ, సల్లగున్నప్పుడే సుమీ' అన్నాడు.