చవగ్గా ఒక రోజు గడపాలంటే అంతర్వేదా, కోరింగా, ధవళేశ్వరమా?

పాపికొండల లాంచీకో, దిండి హౌస్‌బోటుకో ఇంటిల్లిపాదికీ డబ్బు కట్టాలంటే మామూలు సంసారానికి బరువే. పొద్దున బస్సెక్కి చీకటి పడేలోగా తిరిగొచ్చే చోట్లు మన గోదావరి డెల్టాలో బోలెడున్నాయి. నేను ఇక్కడ మూడింటిని తూచి చూస్తున్నాను. నా ఓటు ధవళేశ్వరానికే, అయినా మిగతా రెండూ తీసిపారేసేవి కావు.

అంతర్వేదికి భీమవరం వైపు నుంచి వెళ్ళడం సుఖం. నరసాపురం దాకా రైలుంది. రేవులో పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి బస్సో ఆటోనో దొరుకుతుంది. బైకులు, కార్లు, మనుషులు అన్నీ ఒకే పంటు మీద నది దాటడం పిల్లలకు భలే సరదా. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక గుళ్ళోనే అన్నప్రసాదం తినొచ్చు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. చూడండి, కానీ స్నానానికి మాత్రం దిగకండి. నది ఒకవైపు, అల ఒకవైపు లాగేస్తాయి. ఎండలో ఇసుక మీద నడక పెద్దవాళ్ళకు కష్టం. భీష్మ ఏకాదశి తీర్థానికి వెళ్తే భక్తి ఉంటుంది గానీ తీరిక ఉండదు. వరద ఎక్కువైతే పంటు ఆపేస్తారు, అది ముందే కనుక్కోవాలి.

కోరింగ మడ అడవి కాకినాడ వాళ్ళకు దగ్గర, యానాం బస్సెక్కితే చాలు. ప్రవేశ రుసుం తక్కువే. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే, ఊపిరి తీసుకోవడానికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు, వాటి మధ్య పరుగెత్తే చిన్న చిన్న పీతలు కనిపిస్తాయి. బావురుపిల్లి ఈ అడవిలోనే ఉంది, కానీ రాత్రి తిరిగే జంతువు కాబట్టి చూస్తామని ఆశ పెట్టుకోవద్దు. 1839 తుఫానులో ఉప్పెనకు కోరింగ రేవే దెబ్బతింది. 1996 తుఫాను గుర్తున్న వాళ్ళు ఈ చెట్లు గాలికీ అలకీ ఎలా అడ్డు నిలుస్తాయో పిల్లలకు అక్కడే చెప్పాలి. అలాంటి చోట చిప్స్ కవర్లు పారేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. నడక రెండు గంటల్లో అయిపోతుంది, అదొక్కటే లోటు. మిగిలిన పూటకు యానాం ఏటిగట్టో, ద్రాక్షారామం భీమేశ్వరాలయమో కలుపుకోవాలి.

ఇక ధవళేశ్వరం. రాజమండ్రి నుంచి ఆటో దూరం. మన పొలానికి నీళ్ళెక్కడివి అని అడిగితే "కాలువలోంచి" అనే పిల్లలు చాలామంది. ఆ కాలువ మొదలయ్యే చోటు వాళ్ళు చూడాలి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. గోదావరి స్నానం సంకల్పంలో ఆయన పేరు తలుచుకునే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని దానికి నాలుగు భాగాలు. కాటన్ మ్యూజియం చూశాకే బ్యారేజీ మీదికి వెళ్ళండి, అప్పుడు తూముల సంగతి పిల్లలకు బాగా అర్థమవుతుంది. టీవీలో వినే మొదటి ప్రమాద హెచ్చరిక అంటే ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులు. రెండోది 13.75, మూడోది 17.75.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టు వెంట వెళ్తే ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, రేకు ఊడదీసే ఆడవాళ్ళ చేతివాటం చూశాక నాలుగు పొట్లాలు కొనడానికి మనసొప్పుతుంది. మధ్యాహ్నం ర్యాలి చేరండి. ముందు కేశవుడు, వెనక మోహిని, రెండూ ఒకే రాతి విగ్రహం. ఓపిక మిగిలితే లొల్ల లాకులు (కాలువ నీటిని ఆపి వదిలే తలుపులు) కూడా చూడొచ్చు.

ఇక్కడా ఒక చిక్కుంది: మ్యూజియం తర్వాత బస్సులకు ఎదురుచూడాల్సి రావచ్చు. రెండు కుటుంబాలు కలిసి ఆటో మాట్లాడుకుంటే ఖర్చు సగమవుతుంది. శనివారం వాడపల్లి వెంకన్న భక్తులతో ఆ దారంతా కిక్కిరిసి ఉంటుంది, ఆ రోజు పెట్టుకోకండి. వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేశాక వెళ్తే అసలు సంగతే కనపడదు. నాట్ల నుంచి సంక్రాంతి దాకా ఎప్పుడైనా సరే.